టర్బో బండిలో పక్క సీటు

రాష్ట్రం రెండయిన కొత్తలో నన్ను విజయవాడకు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఇంత పొడుగు పేరు జనం నోట పట్టదు, 'బ్రేక్ ఇన్‌స్పెక్టర్' అంటారు. సర్వీసంతా ఆ పేరు వింటే నాకు చిరాకే. మేము చూసేది ఒక్క బ్రేకులేనా? చాసిస్ నంబరు, దీపాలు, పొగ, స్టీరింగు, హారను అన్నీ చూశాకే సంతకం పెడతాం. మాకు పైన ఆర్టీవో, కింద అసిస్టెంట్ ఇన్‌స్పెక్టరు ఉంటారు కానీ, పాతబడిన బండికి ఆయుష్షు పోసేది మా సంతకమే.

సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు. ఆ పైన అయిదేళ్ళకోసారి మా ముందుకు రావాలి. అలా వచ్చేవాటిలో చాలావరకు రంగు పూసుకొచ్చిన ముసలి బళ్ళే. తలుపు వేస్తే అద్దం జారిపోతుంది, అద్దం ఎత్తబోతే పిడి చేతికొస్తుంది. అందుకే ఆ ఉదయం టెస్టింగ్ గ్రౌండులోకి వచ్చిన ఎర్ర కారును చూసి, సినిమా వాళ్ళది దారి తప్పి వచ్చిందేమో అనుకున్నాను.

ఎనభైల నాటి జపాను స్పోర్ట్స్ కారు అది. రెండే తలుపులు. మీట నొక్కితే బానెట్‌లో దాగిన హెడ్‌లైట్లు నిద్రలేచినట్టు పైకొస్తాయి. చదువుకునే రోజుల్లో ఇలాంటి కారు బొమ్మనే పత్రికలోంచి కత్తిరించి హాస్టల్ గోడకు అంటించుకున్నాను. ఇన్నేళ్ళకు అసలుదాన్ని చూస్తే ప్రాణం లేచొచ్చింది.

బండి గుణదల నుంచి వచ్చిన శామ్యూల్ గారిది. సింగపూరు షిప్‌యార్డులో ఇంజనీరుగా పనిచేసి, తిరిగొస్తూ వెంట తెచ్చుకున్నారట. పక్కన ఆయన భార్య కరుణమ్మ గారు, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. బండి ఆగింది కానీ ఇంజను ఆగలేదు. ఆపమన్నాను.

"కాస్త ఆగండి సార్. గవర్నర్‌పేట ట్రాఫిక్‌లో బాగా వేడెక్కింది. టర్బో కదా, చల్లబడనివ్వాలి" అన్నారాయన.

టర్బో అంటే, బయటకు పోయే వేడి పొగతోనే ఒక చిన్న చక్రాన్ని తిప్పి, దాంతో ఇంజనులోకి గాలిని ఎక్కువగా తోసే ఏర్పాటు. ఆ చక్రం కాగిపోయి ఉండగా ఇంజను ఆపేస్తే ఆయిలు అందక పాడవుతుంది. అందుకని బండి ఆగాక కాసేపు ఇంజనును ఊరికే తిరగనిస్తారు.

"ఆ కాసేపూ మేం దిగమండీ. మా కబుర్లన్నీ అప్పుడే" అని నవ్వారు కరుణమ్మ గారు.

తప్పులు వెతకడం మా వృత్తి. ఆ రోజు ఎంత వెతికినా దొరకలేదు. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు ముత్యాల్లా వచ్చాయి. బానెట్ కింద ఆయిలు చుక్క కూడా లేదు. ఇక మిగిలింది బ్రేకు పరీక్ష. దానికి డ్రైవరూ నేనూ తప్ప బండిలో ఎవరూ ఉండకూడదని నా పద్ధతి. కరుణమ్మ గారిని దిగమన్నాను.

"నేనుంటే ఏమైందండీ? ఆయన పక్కన కూర్చోవడం అలవాటు నాకు" అన్నారు.

పద్ధతి పద్ధతే అన్నాను. ఆవిడ భర్త వంక ఒకసారి చూసి దిగారు.

శామ్యూల్ గారు గేర్లు మారుస్తుంటే చూడముచ్చటగా ఉంది. టర్బో అందుకోగానే నా వీపు సీటుకు అతుక్కుపోయింది. గ్రౌండు చివర ఎర్ర డ్రమ్ము దగ్గర కుడికి తిప్పమన్నాను. "ఏ డ్రమ్మండీ?" అన్నారు. డ్రమ్ము వెనక ఒక ఆటో, దాని డ్రైవరు మా వైపే చూస్తూ టీ తాగుతున్నాడు. బండి తిన్నగా అతని మీదికే పోతోంది. హ్యాండ్ బ్రేకు పట్టుకుని లాగేశాను. బండి ఎటూ జారకుండా ఆగింది. హ్యాండ్ బ్రేకు పరీక్ష కూడా అలా అయిపోయింది.

"మధ్యలో మసకండీ. పక్కలు కనిపిస్తాయి" అన్నారాయన, స్టీరింగు వదలకుండా. కంటి డాక్టరు ఇక చూపు తిరిగి రాదన్నారట. అయినా ప్రతి ఆదివారం చర్చి కాగానే కరకట్ట మీదుగా చల్లపల్లిలో చెల్లెలింటికి వెళ్ళొస్తున్నారు. "ముందు గేదెలు", "ఎడమ పక్క సైకిలు", "ట్రాక్టరు వస్తోంది, ఆపండి" అని ఆవిడ చెబుతారు, ఈయన తిప్పుతారు.

ఈలోగా కరుణమ్మ గారు పరుగున వచ్చారు. "ఆదివారం కోసమే బతుకుతున్నారండీ ఈయన. బండి లేకపోతే గడప దాటరు."

నాకు కోపం ఆగలేదు. "ఎదురుగా బడిపిల్ల వస్తే, మీరు నోరు తెరిచేలోపు ఏమవుతుందమ్మా? మీరు బడి నడిపినవారేగా!" అన్నాను. ఆవిడ తలదించుకున్నారు.

బండిని ఫెయిల్ చేయడానికి కారణం లేదు. మనిషిని పంపడానికి మనసు లేదు. మీకు డ్రైవింగు వచ్చా అని ఆవిడను అడిగాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ చిన్న కారులో బడికి వెళ్ళొచ్చారట, లైసెన్సు కూడా ఉంది. ఈ బండి మాత్రం ముట్టుకోనివ్వలేదట. "అడిగితే క్లచ్చి పోతుందంటారండీ."

అప్పుడు చెప్పాను. బండికి అయిదేళ్ళు రాస్తాను. ఆయన లైసెన్సు ఆయనే ఇప్పుడే కౌంటర్లో ఇచ్చేయాలి. లేదంటే రద్దు చేయమని నేనే పైకి రాస్తాను.

శామ్యూల్ గారు "బండి పాసు, నేను ఫెయిలు. అంతేగా సార్" అన్నారు. లైసెన్సు ఇచ్చొచ్చి తాళం భార్య చేతిలో పెట్టారు. ఎడమ వైపు తలుపు కోసం తడుముకుని ఎక్కారు.

బండి కదిలింది. "అప్పుడే గేరు మార్చకు. టర్బో ఇంకా అందుకోలేదు, చెవి పెట్టి విను" అని ఆయన గొంతు వినిపించింది. "డ్రైవరుతో మాట్లాడకూడదు, ఊరుకోండి" అన్నారావిడ.

నేను రిటైరయ్యే ముందు వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఆవిడే నడుపుకొచ్చారు. బండి ఆగింది, ఇంజను ఆగలేదు, ఇద్దరూ కబుర్లలో ఉన్నారు. ఈసారి ఆపమనకుండా నిలబడ్డాను.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒక్కటే. పక్క సీటులో మనిషిని దింపే ముందు, ఆ మనిషి అక్కడ కూర్చుని ఏం పని చేస్తున్నదీ చూడాలి. మిగతా సర్వీసంతా అలాగే చూశాను. మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర మా ఆవిడ పక్క సీటులోంచి "ఎదురుగా స్కూటరు" అంది. నాకు కనిపించలేదు. ఇంటికి రాగానే కారు తాళం ఆవిడకు ఇచ్చేశాను.