పాడేరు ఘాటు, బావ బొటనవేలు, నా సైకిల్ టైర్లు

బట్టలారేసే దండెంగా మారిపోయిన సైకిల్‌ని మళ్ళీ సైకిల్ చేద్దామని ఈ ప్రయాణం పెట్టుకున్నాను. పోయిన వేసవిలో ముప్పై ఎనిమిది వేలు పోసి గేర్ల సైకిల్ కొన్నాను. పాడేరు కొండల ఘాటు రోడ్డు ఎక్కుతానని వీధి వీధంతా చెప్పుకున్నాను. చలికాలం వచ్చింది గానీ సైకిల్ మాత్రం మా అనకాపల్లి ఇంటి వరండా దాటలేదు. ఒక ఆదివారం మా ఆవిడ పద్మ దాని హ్యాండిల్ మీంచి తువ్వాలు తీస్తూ తీర్పు చెప్పేసింది. "వచ్చే ఆదివారం ఎక్కండి. తొక్కే ఎక్కాలి. కాలు కింద పెట్టి ఆయాసం తీర్చుకుంటే తప్పు లేదు. తోసుకెళ్ళినా, జీపెక్కినా సోమారం అమ్మీడమే." నా మాట మీద నమ్మకం లేక సాక్షిగా వాళ్ళ అన్నయ్య అప్పలరాజుని తోడు పంపింది.

అప్పలరాజు బావది బెల్లం వ్యాపారం. దిమ్మని బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి అది ఎన్నాళ్ళు నిలవుంటుందో చెప్పేస్తాడు. గట్టిగా ఉంటే సరుకు, మెత్తగా ఉంటే చెత్త. లోకంలో దేన్నైనా ఆయన ఇదే లెక్కన చూస్తాడు, అల్లుళ్ళతో సహా. గోడౌన్‌లోని నల్ల సైకిల్ వేసుకొచ్చాడు. దానికి గేర్లు లేవేమని అడిగితే "గేర్లు కారుకి బావా, సైకిల్‌కి కాళ్ళు" అన్నాడు.

ఉదయం నాలుగున్నరకి బయల్దేరాం. అనకాపల్లి నుంచి చోడవరం ఇరవై కిలోమీటర్లు, రోడ్డంతా చదునే. కానీ ఇది చెరకు కాలం. లైట్లు లేని ట్రాక్టర్లు మీద పడేంత లోడుతో వస్తుంటాయి, కాబట్టి వెనక ఎర్ర లైటు లేకుండా బయల్దేరకండి. ఆరింటికి చోడవరంలో ఇద్దరికీ కలిపి డెబ్బై రూపాయలకి ఇడ్లీ తిన్నాం. అక్కణ్ణుంచి వడ్డాది మీదుగా మాడుగుల చేరేసరికి ఎనిమిదయింది. మాడుగుల వెళ్ళి హల్వా కొనకపోతే పాపం అంటాడు బావ. పావుకిలో కొని జేబులో పెట్టుకున్నాను. కొండెక్కేవాళ్ళకి అంతకన్నా మంచి ఇంధనం లేదు.

అసలు తప్పు మాడుగులలోనే జరిగింది. నా టైర్లు ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పువి. చలికాలం ఘాటు రోడ్డు మంచుకి తడిసి ఉంటుంది కాబట్టి గాలి మరీ గట్టిగా వద్దని, అరవై అయిదు ప్రెషరు చాలని సైకిల్ కొట్టులో చెప్పారు. అలాగే పెట్టుకొచ్చాను. పంక్చర్ షాపు ముందు ఆగినప్పుడు బావ వంగి నా టైరు మీద బొటనవేలు వేశాడు.

"ఇదేటి బావా, సెమ్మ పట్టిన బెల్లంలాగుంది! దీంతో కొండెక్కుతావేటి?"

షాపాయన కూడా నొక్కి చూశాడు. "మెత్తగుంది బాబూ. కొట్టీమంటారా?"

"కొట్టీ. రాయిలాగుండాలి" అన్నాడు బావ.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఘర్షణ మీద పాఠం చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా పెళ్ళాం తరఫు సాక్షితో పొద్దున్నే తగువెందుకని పళ్ళు కొరుక్కుని నిలబడ్డాను. షాపాయన మహానుభావుడు, ప్రెషరు వంద దాటించి గానీ వదల్లేదు. గాలికి డబ్బులు కూడా పుచ్చుకోలేదు. బావ మళ్ళీ నొక్కి చూసి, వేలు దిగకపోయేసరికి తృప్తిగా తలాడించాడు.

ఘాటు మొదలయ్యాక మొదటి రెండు మలుపులూ బాగానే ఎక్కాను. మూడో మలుపు నుంచి పొగమంచు కమ్మేసింది. చెట్ల నీడన రోడ్డు తడిగా ఉంది, మీద రాలిన ఆకులు. నిలబడి పెడల్ మీద బరువేసేసరికి వెనక చక్రం గిర్రున తిరిగి పక్కకి జారింది, నేను బోర్లా పడ్డాను. మోకాలు గీసుకుపోయింది. అర కిలోమీటరు దాటకుండానే మళ్ళీ పడ్డాను. అప్పటికే తన సైకిల్ తోసుకుంటూ రొప్పుతున్న బావ పక్కకొచ్చి నిలబడ్డాడు. అప్పుడే వెనక నుంచి ఒక జీపు వచ్చి ఆగింది.

"ఎక్కీండి మాస్టారూ. మనిషికి ఎనభై, సైకిలుకి వంద. పైన కట్టేత్తాను" అన్నాడు డ్రైవరు.

"ఎక్కీ బావా. నానేటీ సూడలేదు" అన్నాడు మా సాక్షి.

"సాక్షివి నువ్వే ఇలా అంటే ఎలా బావా?"

"సాక్షికి మోకాళ్ళుండవేటి?"

నేనెక్కలేదు. బావ ఎక్కాడు. నల్ల సైకిల్ జీపు టాపు మీద కూర్చుని మంచులోకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు చూసేవాడు లేడు. పైదాకా తోసుకెళ్ళి, చివరి మలుపులో ఎక్కి తొక్కుకుంటూ దర్జాగా పాడేరులో దిగొచ్చు. నిజం చెప్తున్నాను, పది అడుగులు తోశాను కూడా. తర్వాత సిగ్గేసింది. ఆ పది అడుగులూ వెనక్కి దిగి, మళ్ళీ అక్కణ్ణుంచే ఎక్కాను. వెంటనే ఇంకోసారి పడ్డాను.

ఈసారి పడింది ఒక టీ పాక ముందు. పాక నడిపే ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. పరుగున వచ్చి సైకిల్ లేపి, టైరు నొక్కి చూసింది.

"ఇదేటి బాబూ, కర్రలాగుంది! కాత్త గాలి తీసీ. మా ఆయన తడిలో బండెక్కించాలంటే ముందు గాలి తీసేత్తాడు. అప్పుడు రోడ్డుని పట్టుకుంటాది."

నేను పిన్ను నొక్కి గాలి తీస్తుంటే టీ చేతికిచ్చి, "నువ్వేటి సేత్తావు బాబూ?" అంది.

"కాలేజీలో ఫిజిక్స్ చెప్తానమ్మా."

"అంటే ఏటి?"

"అంటే... టైరు ఎందుకు జారుతుందో, అలాంటివన్నీ."

ఆవిడ టైరు వైపు చూసింది, నా మోకాలి వైపు చూసింది. టీ పది రూపాయలు.

ఆ తర్వాత ఒక్కసారి కూడా జారలేదు. చిన్న గేరు వేసుకుని, సీటు మీంచి లేవకుండా, మలుపు మలుపుకీ ఒక హల్వా ముక్క నోట్లో వేసుకుంటూ ఎక్కాను. పదకొండింటికి మంచు విడిపోయి లోయలు కనిపించాయి. ఫోటో తీసే ఓపిక మాత్రం లేదు. ఒంటిగంటన్నరకి పాడేరు చేరేసరికి బావ హోటల్లో బిర్యానీ తిని చెయ్యి కడుక్కుంటున్నాడు. అప్పుడే పద్మ ఫోన్ చేసింది. బావ స్పీకర్ పెట్టాడు.

"అన్నియ్యా, తొక్కే ఎక్కేరా?"

"తొక్కే ఎక్కేడమ్మా. నా కళ్ళతో సూసేను" అన్నాడు బావ, ఏ మాత్రం తడుముకోకుండా. జరిగింది నిజమే, సాక్ష్యం మాత్రం శుద్ధ అబద్ధం.

"నువ్వంత గట్టిగా చెప్తున్నావంటే నాకు అనుమానంగా ఉందన్నియ్యా. ఆయనకియ్యి ఫోను."

తీసుకున్నాను.

"తొక్కేరా?"

"తొక్కేను పద్మా. పది అడుగులు తోసేను గానీ, మళ్ళీ వెనక్కి దిగి అవి కూడా తొక్కేను."

"ఆ పది అడుగులూ ఎవరైనా చూసేరా?"

"లేదు."

"అయితే సైకిల్ ఉంచుకోండి" అని పెట్టేసింది.

సైకిల్‌తో బస్సులో కిందికి వస్తున్నంతసేపూ ఆ మాటే తలుచుకున్నాను. కొండ ఎక్కినందుకు కన్నా ఆవిడ నా మాట నమ్మినందుకే ఎక్కువ సంతోషమేసింది. సాక్షి చెప్పింది తోసేసి, ముద్దాయి మాట మీద తీర్పిచ్చిన కోర్టు ఇంకెక్కడుంటుంది? మీరూ చలికాలంలో పాడేరు ఎక్కాలనుకుంటే గేర్లున్న సైకిల్, ముప్పై రెండు మిల్లీమీటర్లకి తక్కువ కాని, కాస్త గీతలున్న టైర్లు చూసుకోండి. ఘాటు మొదట్లో ఆగి కొంచెం గాలి తగ్గించండి. చదును రోడ్డుకి వచ్చాక మళ్ళీ కొట్టుకోవడానికి చేతిపంపు వెంట ఉంచుకోండి. మా వైపు గాలి కొట్టమంటే ఎవరైనా ప్రేమగా, ఉచితంగా కొడతారు. చాలు అనాల్సింది మాత్రం మీరే.