సేఫ్టీ పట్టని పిస్తోలు

నా చిన్నప్పుడు ఎన్నికల ప్రకటన రాగానే మా ఇంట్లోంచి ముందుగా బయటికి వెళ్లేది మా తాతయ్య పిస్తోలు. లైసెన్సు ఆయుధాలన్నీ పోలీస్ స్టేషన్‌లో అప్పగించి, ఓట్ల లెక్కింపు అయ్యాక తెచ్చుకోవాలని నియమం. పాలకొల్లు దగ్గర మా ఊళ్లో లైసెన్సు ఉన్నది ఆయనొక్కరికే. వాళ్ల నాన్నగారి నుంచి వచ్చిన ఆ పిస్తోలును ఆయన కాల్చగా నేనెప్పుడూ చూడలేదు. అప్పగించే ముందు రోజు మాత్రం తూటాలు తీసి, అరుగు మీద పాత పేపరు పరిచి, నూనెగుడ్డతో తుడిచేవారు. పదిమందిలోకి వెళ్లే వస్తువు మురిగ్గా కనబడకూడదని ఆయన పట్టుదల.

నేను ఆరో తరగతి చదివే ఏడాది, అలా తుడుస్తూ ఎవరో పిలిస్తే లోపలికి వెళ్లారు. పిస్తోలు పక్కన చిన్న మీట ఉండేది. దాన్ని పైకి నొక్కితే ట్రిగ్గరు కదలదు. దాన్నే సేఫ్టీ అనేవారు. ఆ మీట పక్క సందులో ఏముందో చూడాలనిపించి కంపాసు సూదిమొన దూర్చాను. బియ్యపుగింజంత స్ప్రింగు ఎగిరిపడింది. మీట వదులైపోయింది. స్ప్రింగును జామెట్రీ బాక్సులో దాచేశాను. తాతయ్య తిరిగొచ్చి, చూసుకోకుండానే పిస్తోలును గుడ్డలో చుట్టేశారు.

లెక్కింపు అయ్యాక ఇంటికి తెచ్చి చూసుకుంటే సేఫ్టీ పట్టడం లేదు. స్టేషన్‌లోనే ఎవరో దాంతో ఆడుకున్నారని తాతయ్యకు కోపం వచ్చింది. ఆయుధాల గది తాళాలు ఒక హెడ్ కానిస్టేబుల్ దగ్గర ఉండేవి. ఆయన మీద ఆ పూటే పై అధికారులకు ఫిర్యాదు రాసి పంపించారు. తర్వాత చర్చి పక్కన కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన్ని పిలిపించారు. ఊళ్లో పిల్లలందరం ఆయన్ని మిషను బాబాయి అనేవాళ్లం.

బాబాయి ముందు తూటాలన్నీ పక్కింటికి పంపించేయమన్నాడు.

“ఖాళీయేనయ్యా, నే చూశాగా,” అన్నారు తాతయ్య.

“మీరన్నారండి. పిస్తోలు కూడా అనాలి కదండి,” అని నవ్వి, మళ్లీ తెరిచి తనూ చూసుకున్నాకే పని మొదలుపెట్టాడు. మీటను పైకీ కిందికీ కదిపి, టార్చి వేసి చూశాడు. “మీట బానే ఉందండి. దాన్ని పట్టి ఉంచే స్ప్రింగే లేదు.”

“నీ మిషను స్ప్రింగేదో ఒకటి వేసెయ్యవయ్యా.”

“వేస్తే టక్కుమని పడుద్దండి. పట్టిందనుకుంటారు. ఓ రోజు పట్టదు. చెడిందని తెలిసినదాంతో భయం లేదండి, బావున్నట్టు కనపడేదాంతోనే భయం. రాజమండ్రిలో లైసెన్సున్న షాపుకి తీసుకెళ్లండి.”

అంటూనే మీట పక్కనున్న కొత్త గీతను బొటనవేలితో తడిమి చూశాడు. ఆ తర్వాత నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

మర్నాడు బడికి వెళ్తుంటే ఆపాడు. “ఆ గీత సూదిమొనతో పడిందమ్మా. నేనెవరికీ చెప్పను. నువ్వే చెప్పు.” రేపు చెబుతానన్నాను. తాతయ్య కోపం కాస్త చల్లారనీ అనుకుంటూ నాలుగు రోజులు గడిపేశాను.

అయిదో రోజు మధ్యాహ్నం ఆ హెడ్ కానిస్టేబుల్ మా ఇంటికి వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని అరుగు కిందే నిలబడ్డాడు.

“నేను ముట్టుకోలేదండి. నన్ను ఏజెన్సీ కొండల్లోకి మార్చేశారు. మా పెద్దమ్మాయికి వచ్చే నెల్లో పదో తరగతి పరీక్షలండి. మీరొక్క మాట చెబితే ఆగుద్ది.”

“అయితే స్ప్రింగుకి రెక్కలొచ్చాయేంటయ్యా?” అని తాతయ్య గట్టిగా అరిచారు.

గుమ్మంలో నిలబడి నేను ఏడ్చేశాను. హెడ్ కానిస్టేబుల్ నన్ను చూసి గొంతు తగ్గించాడు. “పాప జడుసుకుంటుందండి. నే వెళ్తాలెండి,” అని వెళ్లిపోయాడు. అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు.

దీపాలు పెట్టే వేళకు స్ప్రింగు తీసుకెళ్లి తాతయ్య చేతిలో పెట్టాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. చొక్కా వేసుకుని నన్ను స్కూటరెక్కించుకుని స్టేషన్‌కు తీసుకెళ్లారు. తప్పు మాదేనని అక్కడే కాగితం రాసిచ్చారు. ఇన్‌స్పెక్టరు చదివి, పైకి పంపిస్తాననీ, ఉత్తర్వు ఆపడం మాత్రం తన చేతుల్లో లేదనీ అన్నాడు. హెడ్ కానిస్టేబుల్ అప్పటికే తాళాలు అప్పగించి బస్సెక్కేశాడు. ఆ వారంలోనే తాతయ్య పిస్తోలునూ లైసెన్సునూ ప్రభుత్వానికి ఇచ్చేశారు. మిషను బాబాయి కనబడి “చెప్పావామ్మా?” అని అడిగితే చెప్పానన్నాను. ఎప్పుడు చెప్పావని ఆయన అడగలేదు.

తర్వాత చాలా ఏళ్లు పత్రికలో పనిచేశాను. అచ్చులో నా వల్ల తప్పు పడితే ఆ పూటే ఒప్పుకునేదాన్ని. అది గొప్పతనమని తోటివాళ్లు అనుకునేవారు. నాకైతే అది భయం. ఒకసారి పాత ఫైళ్లలో ఆ ఏటి పదో తరగతి ఫలితాల పేజీ తీశాను. నిండా నంబర్లే. ఆ అమ్మాయి నంబరు నాకు తెలియదు. అసలు పరీక్ష రాయగలిగిందో లేదో కూడా తెలియదు. ఇప్పటికీ ప్రతి ఏటా ఫలితాలు వచ్చిన రోజున, ఎవరి కోసం చూస్తున్నానో ఇంట్లో వాళ్లకు చెప్పలేక, ఫోన్ పట్టుకుని ఊరికే కూర్చుంటాను.