తోడేలు రోజుల్లో వుక్ పేరు

ద్రానె ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఆమెకు సెర్బియన్‌లో తెలిసినవి రొట్టె, నీళ్ళు, అంతే. కొండలకవతల అల్బేనియా పిల్ల. ఇటు సెర్బియాలో ఇవాన్యిత్సా పైనున్న ఊళ్ళలో మగవాళ్ళు పెళ్ళిళ్ళు కాక ముదిరిపోతుంటే, ఎవరో మాట కలిపి కుదిర్చిన సంబంధం. మిగతా భాషంతా అత్తగారు స్తామెన పెట్టిన భిక్షే. ఆవిడ నోట్లో ఎప్పుడూ జంతువులే తిరిగేవి.

"రంగు గేటు చూసిన దూడలా నిలబడ్డావేం? ఆ గిన్నె అందుకో."

జవాబు రాకపోతే, "నీ నాలుక పిల్లి తినేసిందా?" అనేది. మొదటిసారి విన్నప్పుడు ద్రానె నిజంగానే పొయ్యి కింద పిల్లి కోసం వెతికింది. స్తామెన కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా నవ్వింది.

"మాటల్ని బట్టీ పట్టి అప్పజెప్పకే పిల్లా. కోళ్ళకు గింజలు చల్లినట్టు అలా విసిరెయ్యాలి. గుప్పెట్లో పెట్టుకు చూసుకుంటూ కూచుంటే కోడి కాస్తా పోతుంది."

ఒకరోజు ద్రానె విసిరింది. పుట్టింటి మీద బెంగ పట్టి, "నాకిక్కడ కుక్కా లేదు, పిల్లీ లేదు," అంది. నాకంటూ ఎవరూ లేరని దాని అర్థం. స్తామెన చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ రాత్రి ఆ మాట కొడుకు వుక్ చెవిన వేసింది. మర్నాడు సాయంత్రం అతను అడవి పని నుంచి వచ్చి, కోటు లోపలినుంచి బూడిదరంగు పిల్లికూనను తీసి భార్య ఒళ్ళో పడేశాడు.

"సగం లోటు తీరిందా? కుక్క సంగతి తర్వాత చూద్దాంలే."

వుక్ అంటే వాళ్ళ భాషలో తోడేలు. అతనికి ముందు పుట్టినవాళ్ళు ఉయ్యాల్లోనే పోయారు. తోడేలు పేరున్న బిడ్డ జోలికి మంత్రగత్తెలు రారని తల్లి ఏరికోరి పెట్టుకున్న పేరు. ఎప్పుడో దుంగ మీదపడి ఎడమకాలు కుంటిదైంది. అతను వస్తుంటే ముందే తెలిసిపోయేది: బరువుగా ఒక అడుగు, తేలిగ్గా ఒక అడుగు.

అనుకుంటున్న మనిషే ఊడిపడితే అక్కడ "తోడేలు మాటనుకున్నాం, తోడేలు గుమ్మంలో!" అంటారు. వుక్ విషయంలో అది రెండు విధాలా నిజం. పక్కింటి గోర్దానా "నీ మొగుడేడే?" అని నోరు మూసేలోపల తలుపు తోసుకుని అతను వచ్చేవాడు. అందరూ ఒక్క గొంతుతో ఆ మాట అనేసి పడీపడీ నవ్వేవాళ్ళు. ద్రానె తడుముకోకుండా పలికిన మొదటి మాట అదే.

వసంతంలో దుంగలు దొర్లి వుక్ పోయాడు. ద్రానె తన చేత్తోనే ఆ మొహం తుడిచింది. మట్టి కప్పడమూ చూసింది.

ఆ తర్వాత స్తామెన నోట్లో జంతువులన్నీ ఎటో వెళ్ళిపోయాయి. తిను, వద్దు, పడుకో. అంతకుమించి మాట లేదు. తిండి కూడా తగ్గించేసింది. ద్రానెకు భయం పట్టుకుంది. ఈ ముసలి ప్రాణం కూడా పోతే, ఈ కొండమీద తనకు నిజంగానే కుక్కా పిల్లీ లేనట్టే. అత్తగారు మళ్ళీ నోరు విప్పితే చాలు, తిట్టినా ఫర్వాలేదనుకుంది.

నవంబరులో తోడేలు రోజులు వచ్చాయి. ఆ రోజుల్లో ఆడవాళ్ళు ఉన్ని ముట్టరు, పిలిచినట్టవుతుందని తోడేలు పేరెత్తరు. కత్తెర మూసి ఎర్రదారం చుడతారు, తోడేలు నోరు కట్టేసినట్టు. ఆ ఏడు స్తామెన కత్తెర కట్టలేదు. దాని నోరు తెరిచి కిటికీలో పెట్టింది. అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టింది.

"వుక్ వంతెన దగ్గరికి వచ్చుంటాడు."

మర్నాడు, "వుక్ మిల్లు దాటాడు." ఆ మర్నాడు, "ప్లమ్ తోటలో ఉన్నాడు."

కాఫీ తాగుతున్న గోర్దానా కప్పు దించేసింది. "వదినా, నీకు పుణ్యముంటుంది, ఈ రోజుల్లో ఆ పేరు తియ్యకు!"

"నా కొడుకు పేరు నేను తియ్యకూడదా?"

"ఆ పేరు వాడిదొక్కడిదేనా? ఏది వింటోందో ఏమో!" గోర్దానా శిలువ గుర్తు వేసుకుని, కాఫీ సగంలోనే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆఖరి రోజు కుంటి తోడేలుది. గుంపు వెనకాల ఒంటరిగా వచ్చేది అదేనని, అన్నిటికన్నా దానికే ఎక్కువ భయపడతారు. ఆ మధ్యాహ్నం పొగమంచు కిటికీలకు అంటుకుపోయింది. నేలమీద పల్చగా మంచు పడింది. స్తామెన చిక్కుడు గింజల కూర దించి, బల్లమీద మూడు చెంచాలు పెట్టింది.

"గేటు దగ్గరున్నాడు. నువ్వూ అనవే. ఇద్దరం అంటే గుమ్మంలోకొస్తాడు."

పిల్లి వెంట్రుకలు నిక్కబొడుచుకుని తలుపు వైపే చూస్తోంది. బయట మంచు నలిగింది. బరువుగా ఒకటి. తేలిగ్గా ఒకటి.

'తోడేలు మాటనుకున్నాం' అన్న మాట ద్రానె గొంతు దాకా వచ్చింది. అతను గుమ్మంలో నిలబడితే చాలు, ఎలా ఉన్నా సరే అనిపించింది. అంతలో తను తుడిచిన మొహం, ఆ చల్లదనం అరచేతికి మళ్ళీ తగిలాయి.

"అత్తయ్యా, దాన్ని అలా వాడరు."

"దేన్నే?"

"తోడేలు మాట. ఎదురుచూసేవాళ్ళు అనేది కాదది. మనం ఏదో కబుర్లలో ఉండాలి. మనిషి వచ్చాక నవ్వుతూ అనాలి. రప్పించడానికి కాదు. మీరేగా నేర్పారు."

అడుగులు గుమ్మం దగ్గర ఆగాయి.

స్తామెన కోడలి వైపు తిరిగింది. పెదవి ఒక పక్కకు వణికింది.

"గుడ్డొచ్చి కోడికి పాఠం చెబుతోందా?" అని, ఆ వెంటనే తలగుడ్డ అంచు మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమంది. పాతిపెట్టిన రోజు కూడా ఏడవని మనిషి.

ద్రానె తలుపు తీసింది. పొగమంచు తప్ప ఏమీ లేదు. గేటు నుంచి గుమ్మం దాకా మాత్రం గుర్తులున్నాయి. బూటువో పంజావో తెలియకుండా కరిగిపోయి, ఒకటి లోతుగా, ఒకటి పైపైన. వెనక్కి వెళ్ళినవి లేవు.

"ఎవరూ లేరత్తయ్యా," అంటూ దగ్గరి గుర్తును కాలితో చెరిపింది.

స్తామెన అప్పటికే భుజం వెనక నిలబడి ఉంది. "ఎడమది పైపైనేనా?"

ద్రానె అబద్ధమాడలేకపోయింది. "అవును."

"లోపలికి రాలేదుగా. మంచిపని చేశాడు."

తలుపు వేసింది. కిటికీలోని కత్తెర మూసి ఎర్రదారం గట్టిగా చుట్టింది. మూడో చెంచా సొరుగులో పెట్టేసింది.

"రంగు గేటు చూసిన దూడలా నిలబడకు. కూర చల్లారిపోతోంది."

ఇద్దరూ తిన్నారు. స్తామెన రెండోసారి వడ్డించుకుంది. పిల్లి మాత్రం చీకటి పడేదాకా తలుపు దగ్గరే తిరిగింది, వీపు పైకెత్తి, ఎవరి కాళ్ళకో ఒళ్ళు రాసుకుంటున్నట్టు.