అక్క వంతు గవ్వలు

"మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది." ఈ ముక్క ఇప్పుడు ఎక్కడ కనబడినా నాకు అరికాలిమంట నెత్తికెక్కుతుంది. అంత విలువైనదైతే చదివి చావొచ్చుగా! ఎన్నిసార్లు రాస్తే అన్నిసార్లూ అదే జవాబు. పంజరంలో చిలకైనా ఒక్కోసారి మాట మారుస్తుంది.

మాది రేపల్లె. చీరాల నుంచి చీరలు తెచ్చి ఇంట్లోనే అమ్ముతాను. మా అక్క బాపట్లలో ఉంటుంది. కిందటేడు తనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఇప్పుడు ఒకటీ అరా మాటలొస్తాయి, అవీ కూడబలుక్కుంటే. ఒకప్పుడు మా అక్క బేరం మొదలెడితే కూరలవాళ్ళు ముందే చేతులెత్తేసేవాళ్ళు. అలాంటి మనిషి మంచంమీద గోడకేసి చూస్తూ పడుకుంటే నా ప్రాణం ఉసూరుమనేది.

ఫోన్ చేస్తే నేనొక్కదాన్నే వాగాలి. అలాంటప్పుడు ఈ అష్టాచెమ్మా ఆట దొరికింది. నేను రేపల్లెలో, తను బాపట్లలో, మధ్యాహ్నం అన్నాలయ్యాక ఎవరి ఫోన్లో వాళ్ళం కలిసి ఆడుకోవచ్చు. చిన్నప్పుడు గచ్చుమీద సుద్దముక్కతో గళ్ళు గీసి, ఒకవైపు అరగదీసిన చింతగింజలతో ఆడేవాళ్ళం. అక్క నన్ను ఒక్క ఆట గెలవనిచ్చిన పాపాన పోలేదు. ఫోన్లోనూ అంతే. ఎడమచేత్తో గవ్వల బొమ్మ నొక్కడానికి కాస్త సేపు పట్టేది. కాయ జరపడానికి ఇంకాస్త. పట్టనీ, మాకేం కొంపలంటుకుపోతున్నాయి? నా కాయని చంపినప్పుడల్లా నవ్వుతున్న బొమ్మొకటి పంపేది. నేను తిట్లు రికార్డు చేసి పంపితే బావగారు తనకి వినిపించేవారు. పడీపడీ నవ్వేదట. ఆ గంటసేపూ మా అక్క మళ్ళీ మా అక్కే.

ఒకరోజు ఆట అప్‌డేట్ అయింది. అక్క వంతు వచ్చింది. ఐదారు క్షణాలైనా అయ్యాయో లేదో, గవ్వలు వాటంతటవే పడ్డాయి, కాయ దానంతటదే జరిగింది. మళ్ళీ తన వంతు, మళ్ళీ అదే తంతు. ఫోన్‌కేదో రోగమొచ్చిందనుకున్నాను. కాసేపటికి అక్క ఆట మధ్యలోంచి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. బావగారిని అడిగితే, "ఫోన్ ముట్టుకోవడం లేదమ్మా. నీ పేరెత్తితే మొహం తిప్పేసుకుంటోంది" అన్నారు.

బస్సెక్కి బాపట్ల వెళ్ళాను. అక్క నా వంక చూడలేదు.

"ఏంటక్కా, నేనేం చేశాను?"

చాలాసేపు బతిమాలితే ఎడమచేత్తో తన గుండెమీద తట్టుకుంది. ఆ చెయ్యి మంచం పక్కకి దించి, నేలకి మూరెడెత్తున పట్టి చూపించింది, ఇంతపిల్ల అన్నట్టు. ఆనక వేలు నావైపు పెట్టింది.

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో పసివాళ్ళు మేమూ ఆడతామని ఏడిస్తే ఆటలో అరటిపండుగా కూర్చోబెట్టేవాళ్ళం. వాళ్ళ వంతు గింజలు పెద్దవాళ్ళే వేసేవాళ్ళు, కాయలూ పెద్దవాళ్ళే జరిపేవాళ్ళు. పాపం, పిల్లలు తామే ఆడుతున్నామనుకుని సంబరపడేవాళ్ళు. నేను తనని అలా కూర్చోబెట్టాననుకుంది మా అక్క! చేతకావడం లేదని జాలిపడి, తన బదులు ఫోనే ఆడేలా నేను ఏదో చేయించానని. అప్‌డేట్‌లో ఆటవాళ్ళే వంతుకింతని టైము పెట్టి ఉంటారు, అది దాటితే ఆటే ఆడేస్తోంది.

"ఒట్టక్కా, నేను కాదు, ఆ ఆటవాళ్ళు చేశారు" అని నెత్తిన చెయ్యి పెట్టుకుని చెప్పాను. నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? ఆస్పత్రి నుంచి వచ్చినప్పటినుంచీ అందరం తనకి తియ్యటి అబద్ధాలే చెబుతున్నాం, ఇదిగో లేచి తిరుగుతావు, అదిగో మాటొచ్చేస్తుంది అని. ఇదీ ఆ బాపతే అనుకుంది. పోనీ ఆటవాళ్ళు రాసింది చూపిద్దామంటే, అప్‌డేట్ కింద ఏముంది? "మీ ఆనందం కోసం కొన్ని మెరుగులు దిద్దాం" అట! మెరుగులు! వాళ్ళ మొహం మెరుగులు!

అప్పుడు వాళ్ళకి రాయడం మొదలుపెట్టాను. మొదట్లో తిట్టలేదు కూడా. "బాబూ, వంతుకి టైము పెట్టింది మీరేనని తెలుగులో ఒక్క లైను రాయండి, మా అక్కకి చూపించాలి" అని బతిమాలుకున్నాను. జవాబుగా ఆ విలువైన ముక్క వచ్చింది. మళ్ళీ రాస్తే మళ్ళీ అదే. ఒళ్ళు మండి రేటింగు ఒక్క స్టారుకి దించాను. దానికి మాత్రం కొత్త జవాబు, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని. మిమ్మల్ని చింతించమని ఎవడడిగాడయ్యా? చెప్పమన్నాను, అంతేగా!

ఆట పేజీ అడుగున చిన్నక్షరాల్లో అడ్రసు కనబడింది. నేను ఏ బెంగుళూరో అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. తెనాలి! మా రేపల్లె రైలు రోజూ వెళ్ళే తెనాలి! మర్నాడు పొద్దున్నే రైలెక్కాను.

సెల్‌ఫోన్ల షాపుపైన మేడగది. కంప్యూటర్ల ముందు నలుగురు కూర్చున్నారు. ముప్పై ఏళ్ళ అబ్బాయి లేచి, "చెప్పండి ఆంటీ" అన్నాడు. ఆట తయారుచేసింది తనేనట.

"చెప్పీ చెప్పీ నా వేళ్ళరిగిపోయాయి. ఒక్కటైనా చదివావా నువ్వు?" అని సంగతంతా చెప్పాను.

"రిప్లైలు ఆటోమేటిగ్గా వెళ్ళిపోతాయండి. చాలా మెసేజ్‌లు వస్తాయి కదండి" అన్నాడు నసుగుతూ.

"వంతుకి టైము పెట్టమని ఎవరడిగారు?"

"ప్లేయర్లే అడిగారండి. మాకో గ్రూపుంది, బాగా ఆడేవాళ్ళంతా అందులో ఉంటారు. అవతలివాళ్ళు లేటు చేస్తున్నారని ఒకటే గోల."

"ఆ లేటు చేసేవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా ఆ గ్రూపులో?"

లేరట. వాళ్ళని అడగాలని తట్టలేదట. పోనీ మార్చాక చెప్పలేదేం అంటే, చెబితే తిడతారని భయపడ్డారట!

"ఇప్పుడు తిట్లు తప్పాయా? మార్చామని ఒక్క మాట చెప్పడానికి నోరు పడిపోయిందా మీకు? నోరు పడిపోయింది మా అక్కకయ్యా, మీకు కాదు!"

గదిలో అందరూ పని ఆపేశారు. నా గొంతు కింద షాపుదాకా వినబడి ఉంటుంది, వినబడనీ. ఆ అబ్బాయి కుర్చీ చూపించి, తెలిసినవాళ్ళు ఆడుకునే ఆటల్లో టైము తీసేస్తానండి, సారీ మెయిల్ కూడా పెడతానండి అన్నాడు.

"అవన్నీ తర్వాత. ముందు మా అక్కతో మాట్లాడు."

బావగారికి వీడియో కాల్ చేశాను. ఆయన ఫోన్ పట్టుకుని చూపిస్తే, అక్క నన్ను చూడగానే మొహం తిప్పేసుకుంది. ఫోన్ ఆ అబ్బాయి చేతిలో కుక్కాను. అతను చొక్కా సర్దుకుని, "నమస్కారమండి, మా టీమ్ తరఫున..." అని ఎత్తుకున్నాడు.

"ఆ చెత్తంతా వద్దు! జరిగింది చెప్పు!"

అతను ఫోన్ మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. "అమ్మా, మీ వంతు గవ్వలు కంప్యూటరే వేసేలా పెట్టింది నేనండి. అందరికీ పెట్టాను. ఎవరికీ చెప్పకుండా పెట్టాను. మీ చెల్లెలుగారికీ తెలియదండి."

అక్క మొహం మెల్లగా ఇటు తిరిగింది. అతన్ని చూడలేదు, నాకోసం వెతుకుతోంది. నేను వంగి తెరలోకి మొహం పెట్టాను. అక్క పెదాలు చాలాసేపు కదిలాయి.

"నువ్వు... కాదా?"

"కాదక్కా. నేను కాదు."

మా అక్క బావురుమంది. జబ్బు చేశాక కూడా అలా ఏడవలేదు తను. ఆ ఏడుపు వినలేక ఆ అబ్బాయి ఫోన్ బల్లమీద బోర్లా పెట్టబోయాడు. నేను అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"దించకు. చూడు" అన్నాను.