ఉమ్మి రాని నోరు

అమ్మ చుట్టను నిప్పు బయటికి పెట్టి తాగిన రోజునే నాకు అనుమానం రావలసింది.

మా వైపు ఊళ్లలో పాత తరం ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. వెలిగించిన కొసను నోటి లోపల పెట్టుకుని పెదవులు మూసేస్తారు. భోగాపురం దగ్గర మా ఊళ్లో అమ్మ, ఆమె చెల్లెలు, అంటే మా చిన్నమ్మ, వరి నాట్లలో గాలికీ వానకీ చుట్ట ఆరిపోకుండా చిన్నప్పుడే అలా అలవాటు పడ్డారు. నేను గరివిడిలో బట్టల కొట్టు నడుపుతాను. ఆ రోజు చూడడానికి వెళితే అమ్మ అరుగు మీద కూర్చుని మగవాళ్లలా చుట్ట తాగుతోంది.

"ఏటమ్మా, కొత్త ఫ్యాషనా?" అన్నాను.

"నోరు మండతన్నాదే. నిప్పు లోపలెడితే ఓర్సుకోలేకపోతన్నాను."

"మా అప్ప మగోడైపోనాది" అని చిన్నమ్మ అక్కను చూసి నవ్వింది. నేనూ నవ్వాను.

ఊళ్లో మందులిచ్చే ఆయన వేడి చేసిందన్నాడు. బి కాంప్లెక్స్ మాత్రలు, నోటిపూతకి జెల్ ఇచ్చాడు. రెండు నెలలు వాడాం. చివరికి విజయనగరంలో పళ్ల డాక్టరు టార్చి వేసి అంగిలి చూశాడు. "బయాప్సీ చెయ్యాలి. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?" అని నన్ను కసిరాడు. ఆ కసురు పడవలసింది నామీద కాదు. మందులిచ్చినాయన గుమ్మం మీద ఆ జెల్ ట్యూబు పెట్టి వచ్చాను. ఆయన ఎదురైతే ఇప్పటికీ పలకరించను.

కేన్సరే. విశాఖలో పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి అంగిలిలో ఒక భాగం తీసేశారు. ఆ కన్నం మూయడానికి ఆబ్ట్యురేటర్ అనే ప్లేటు ఇచ్చారు. అది పెట్టుకోకపోతే తాగిన మజ్జిగ ముక్కులోంచి వచ్చేది, మాట గాలిలో కలిసిపోయేది. ఆ తర్వాత రేడియేషన్.

ఆపరేషన్‌కి ముందే డాక్టరమ్మ ఒక పరిశోధనలో చేరతారా అని అడిగారు. "కణితిలో కొన్ని డీఎన్ఏ మార్పులు ఉంటాయి. వాటి ఆనవాళ్లు ఉమ్మిలోకి, కొంచెం రక్తంలోకి వస్తాయి. వీటిని బయోమార్కర్లు అంటాం. ట్రీట్‌మెంట్ అయ్యాక అవి మళ్లీ కనబడితే మనం ముందే జాగ్రత్తపడొచ్చు. అంగిలి కేన్సర్ కాబట్టి ఉమ్మి మరీ ముఖ్యం. అయితే ఇది చెకప్‌కీ స్కాన్‌కీ బదులు కాదు, తోడు" అన్నారు. అమ్మ వేలిముద్ర వేసింది. ఆపరేషన్‌కి ముందు తీసిన శాంపిల్‌లో మార్కర్ కనిపించింది. రేడియేషన్ అయ్యాక తీసిన దాంట్లో లేదు. ఆ రోజు చిన్నమ్మ బస్టాండులో అందరికీ బత్తాయి రసం ఇప్పించింది.

రేడియేషన్ అమ్మ నోటిని రానురాను ఎండబెట్టేసింది. అన్నం ముద్ద నీళ్లు పోస్తే తప్ప దిగేది కాదు. మూడో శాంపిల్ రోజున ఉమ్మి పట్టే గొట్టం పట్టుకుని చాలాసేపు కూర్చుంది. రెండు చుక్కలు కూడా రాలేదు. టెక్నీషియన్ పిల్ల విసుక్కుంది. "ఉమ్మడం కూడా రాదా? వెనక ఎంతమంది ఉన్నారో చూడండి."

నేను ఊరుకోలేదు. కారిడార్ అంతా వినేలా అడిగాను, ఫిర్యాదుల పుస్తకంలో రాశాను. నేను అరుస్తున్నంతసేపూ అమ్మ నేల చూస్తూ కూర్చుంది. రిపోర్టులో "ఇన్‌సఫీషియెంట్", అంటే శాంపిల్ చాలలేదని, రాసి పంపేశారు.

మూడు నెలలకి మళ్లీ వెళ్లాం. డాక్టరమ్మ నోరు చూసి, "కన్నం అంచు కొంచెం ఎర్రగా ఉంది. రేడియేషన్ వల్ల కావచ్చు. శాంపిల్ ఏం చెబుతుందో చూసి నిర్ణయిద్దాం" అన్నారు. నేను ఫైలు కోసం కౌంటరు దగ్గర నిలబడ్డాను. అమ్మ రక్తం ఇచ్చాక చిన్నమ్మతో కలిసి గొట్టం తీసుకుని బాత్రూముకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి గొట్టం గీత దాకా నిండి ఉంది.

"వచ్చీసింది" అంది అమ్మ, నా ముఖం చూడకుండా.

గొట్టాన్ని ఆ పిల్ల బల్ల మీద గట్టిగా పెట్టాను. "ఇప్పుడొచ్చింది, చూసుకో."

పది రోజులకి డాక్టరమ్మ ఫోన్ చేశారు. "రక్తమూ ఉమ్మీ ఒకే మనిషివి కావని వస్తోంది. అమ్మగారిని వెంటనే తీసుకురండి. మళ్లీ తీద్దాం."

"మీవాళ్లే గొట్టాలు మార్చేశారు" అన్నాను.

"అయ్యుండొచ్చు. ముందు మీరు రండి."

నేను వెళ్లలేదు. తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసిస్తేనే వస్తానన్నాను. సూపరింటెండెంటుకి మూడు పేజీల ఉత్తరం రాశాను. డాక్టరమ్మ మరో రెండుసార్లు ఫోన్ చేశారు. నేను అదే మాట చెప్పాను.

"పోనియ్యే, ఎల్దాం" అంది అమ్మ.

"నువ్వూరుకో అమ్మా. ఒకసారి ఊరుకుంటే మనల్ని మనుషులుగా సూడరు."

ఏడు వారాలు గడిచాయి. అమ్మ జావ కూడా సగం గ్లాసుతో ఆపేస్తోంది. ఒక మధ్యాహ్నం చిన్నమ్మ బస్సెక్కి నా కొట్టుకొచ్చింది. మంచినీళ్లిస్తే తాగలేదు.

"ఆ ఉమ్మి నాదే" అంది.

నాకు అర్థం కాలేదు.

"బాత్రూములో మీ అమ్మ ఏడిసింది. 'ఈసారీ రాకపోతే నా కూతురు ఆ గొట్టాలిచ్చే గుంటతో దెబ్బలాడేస్తాది, ఇంక ఆస్పత్రోల్లు నన్ను సూడరు, నువ్వు ఉమ్మియే' అంది. ఒక తల్లి కడుపున పుట్టినోల్లం, ఒకే నెత్తురు కదా, పరవాలేదనుకున్నాం."

"ఇన్నాళ్లూ ఏల సెప్పలేదే?"

"నీకు సెప్పడానికి భయం కాదేటి?"

మర్నాడే వెళ్లాం. డాక్టరమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. చిన్న కప్పుతో సెలైన్, అంటే ఉప్పునీళ్లు, తెప్పించి, అమ్మ చేత పుక్కిలించి అందులోనే ఉమ్మించారు. "నోరు ఎండిపోయినవాళ్లకి ఇలా తీస్తే సరిపోతుంది" అన్నారు. ఇంత సులువైన పని మూడో శాంపిల్ రోజున మాకెవరూ చెప్పలేదు. అది నేను మరచిపోను.

ఆ రిపోర్టు వచ్చేలోగానే డాక్టరమ్మ వేలికి అమ్మ మెడలో గడ్డ తగిలింది. బయాప్సీ, స్కాన్ చేశారు. మార్కర్ కూడా వచ్చింది, మొదటిసారి కంటే ఎక్కువగా. జబ్బు పుర్రె అడుగు ఎముక దాకా పోయిందని, ఆపరేషన్ కుదరదని చెప్పారు.

"ఏడు వారాల ముందు వచ్చుంటే?" అని అడిగాను.

"చెప్పలేనమ్మా. ఫలితం మారి ఉండొచ్చు, మారకపోనూ వచ్చు."

అవునన్నా, కాదన్నా నేను భరించేదాన్ని.

అమ్మ అయిదు నెలలు ఉంది. ఆఖరి రోజుల్లో ప్లేటు పెట్టుకోలేక, ముక్కుతో మాట్లాడుతూ నన్ను ఒకటే అడిగింది. "ఆ గుంట మీద పెట్టిన కాయితం ఎనక్కి తీసుకోయే." గొట్టాలు మార్చారన్నది వెనక్కి తీసుకున్నాను. ఉమ్మడం కూడా రాదా అన్నదాని మీద పెట్టింది మాత్రం తీసుకోలేకపోయాను. దానికి జవాబు అమ్మ పెద్దకర్మ అయ్యాక వచ్చింది. జరిగినదానికి చింతిస్తున్నామని, ఇకపై నోరు ఎండిన రోగులకి సెలైన్ ఇమ్మని సిబ్బందికి చెప్పామని రాశారు. చదివి బీరువాలో పెట్టాను. చదివి వినిపించడానికి అమ్మ లేదు.

ఇప్పుడు చిన్నమ్మ అంగిలిలో తెల్లమచ్చ ఉంది. అడ్డపొగ మానేసింది. మూడు నెలలకోసారి నేనే ఆమెను విశాఖ తీసుకెళ్లి చూపిస్తున్నాను. బస్సులో ఇద్దరం పెద్దగా మాట్లాడుకోం. డాక్టరు గది ముందు మాత్రం ఆమె నా చెయ్యి పట్టుకుంటుంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి పరీక్ష చేస్తుంటే ఒక్క మాట వినండి. ఉమ్మి రాకపోతే రాలేదనే చెప్పండి, పుక్కిలించి ఇవ్వవచ్చా అని అడగండి. శాంపిల్ మళ్లీ కావాలని పిలిస్తే ఆ రోజే బయలుదేరండి. తప్పు ఎవరిదో ఇచ్చి వచ్చాక తేల్చుకోవచ్చు.