ఆవిడ రెండో ఇంటిపేరు

అమెరికా పడమటి మైదానాలకి వలసల తొలి రోజుల్లోనే వెళ్ళి కాపురం పెట్టిన ఒకావిడని నేను ముప్ఫై ఏళ్ళు ముందే చంపేశాను. తొంభైల్లో, దేశ రాజధానిలో, బేర్ సరాయ్‌లో గది తీసుకుని ఎం.ఫిల్. చేస్తున్నప్పటి నేరం ఇది.

నా గది కిటికీ తెరిస్తే చేతికందేంత దూరంలో ఎదురింటి గోడ. దాన్ని చూస్తూ, కనుచూపు మేర చెట్టన్నది లేని నేల గురించి రాసేవాణ్ణి. ఎద్దుల బండిలో భర్తతో, ఇద్దరు పసిపిల్లలతో వచ్చి, గడ్డి వేళ్ళతో సహా మట్టిపెళ్ళలు కోసి ఇల్లు కట్టుకుందావిడ. బయట వాన వెలిశాక కూడా ఇంట్లో రెండు రోజులు కురుస్తూనే ఉంటుందని అక్కకి ఉత్తరం రాసింది. పిండిలో పురుగుల గురించీ, పొరుగాయన గొడ్డలి అడిగి తీసుకెళ్ళి తిరిగివ్వకపోవడం గురించీ రాసింది. నాకావిడ మీద గొప్ప అభిమానం ఏర్పడిపోయింది.

మూడో చలికాలంలో భర్త జ్వరంతో పోయాడు. తర్వాత రెండేళ్ళు భూమి కాగితాల్లో ఆవిడ పేరుంది. ఆపైన లేదు. గైడ్ తెప్పించిన భూమి, పన్నుల మైక్రోఫిల్మ్ రీళ్ళన్నిటిలో ఆ ఇంటిపేరు కోసం కళ్ళు మండేదాకా వెతికి, చివరికి ‘దిగులుతో కన్నుమూసింది’ అని ఓ పేజీ దంచేశాను. రాస్తూ కాస్త ఏడ్చాను కూడా. గైడ్ మాత్రం పక్కన ఎర్ర ఇంకుతో ‘ఎవరు చెప్పారు?’ అని రాసి, నెలాఖరులోగా తేల్చకపోతే గడువు పొడిగించేది లేదన్నారు. గడువు దాటితే ఎం.ఫిల్. పోయినట్టే. ఊళ్ళో మా నాన్న అప్పటికే మామయ్య ఎరువుల కొట్లో నాకో కుర్చీ చూసి పెట్టారు.

ఆదివారాలు నా భోజనం కంటోన్మెంటులో. సుబేదారు అంకుల్, ఆంటీ మా జిల్లావాళ్ళు. రైల్లో పరిచయమైన పాపానికి రెండేళ్ళుగా నన్ను మేపుతున్నారు. ఆ ఆదివారం ఆంటీ గోంగూర ఒలుస్తుంటే నా గోడంతా వెళ్ళబోసుకున్నాను.

“చచ్చిపోయిందని నీకెవరు చెప్పారు?” అంది ఆంటీ, అచ్చం మా గైడ్‌లాగే.

“పేరు ఇంకెక్కడా లేదాంటీ.”

“ఇద్దరు పిల్లలు, అంత పొలం, పైగా ఆ చలి. ఒక్కత్తీ ఎన్నాళ్ళని ఈడ్చుకొస్తుంది? మళ్ళీ పెళ్ళి చేసుకునుంటుంది. ఇంటిపేరు మారిపోయుంటుంది. పెళ్ళిళ్ళ పుస్తకం చూశావా?”

చూడలేదు. భర్త పోయినావిడ కోసం పెళ్ళిళ్ళ పుస్తకం తిరగెయ్యాలన్న ఆలోచన, మా ఇంట్లో పెరిగినవాడికి రాదు. అదే అన్నాను. “మనలో అలా ఉండదు కదాంటీ...”

“ఎందుకుండదు? నేను చేసుకోలా?”

మంచం మీద పేపరు చదువుతున్న అంకుల్ తలెత్తకుండానే, “నన్నే,” అన్నారు. వాళ్ళ పెద్దబ్బాయి ఆంటీ మొదటాయన కొడుకట. వందేళ్ళ కిందటివాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతున్నవాణ్ణి, రెండేళ్ళు తిన్న ఇంటి సంగతి తెలుసుకోలేకపోయాను. సిగ్గేసింది.

సోమవారం పొద్దున్నే లైబ్రరీ తలుపు తియ్యకముందే అక్కడున్నాను. మధ్యాహ్నానికి పెళ్ళిళ్ళ రీల్లో ఆవిడ దొరికింది. గొడ్డలి తిరిగివ్వని ఆ పొరుగాయన్నే చేసుకుంది! కొత్త ఇంటిపేరుతో వెతికితే తక్కినదీ తేలింది: మరో ముగ్గురు పిల్లల్ని కని, ముప్ఫై ఏళ్ళు హాయిగా బతికింది. రీడింగ్ రూములో పెద్దగా నవ్వేసి, అటెండరు చేత “భయ్యా, చుప్!” అనిపించుకుని, ఉన్నపళాన బస్సెక్కి కంటోన్మెంటుకి పరిగెత్తాను.

ఆంటీ అంతా విని ఒక్కటే అడిగింది. “ఆ రెండో ఆయన, ముందు పిల్లల్ని బాగా చూసుకున్నాడా?”

అధ్యాయానికి కావలసింది దొరికిపోయింది. ఆ ప్రశ్న మాత్రం నాకు తట్టనే లేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళి వీలునామాల రీలు వేయించుకున్నాను. రెండు రోజులు పట్టింది. నెలాఖరుకి ఒక రోజు ముందు అధ్యాయం గైడ్ చేతిలో పెట్టాను. చదివి, తల పంకించి, సంతకం చేశారు. ఎరువుల కొట్టు తప్పింది.

ఆదివారం ఆ రెండో ఆయన వీలునామా నకలు పట్టుకెళ్ళాను. “ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పు,” అంది ఆంటీ, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ. చెప్పాను. “నా అయిదుగురు పిల్లలకీ సమానంగా.” పేర్లు వయసు వరసలో ఉన్నాయి. ముందిద్దరి పక్కన వేరే మాటేమీ లేదు.

ఆంటీ కళ్ళు నిండాయి. అంకుల్ వంక చూసింది.

అంకుల్ పేపరు పక్కన పెట్టారు. ఇందులో ఏడవడానికేముందో ఆయనకి నిజంగానే అర్థం కాలేదు.

“మరింకెలా రాస్తాడే?” అన్నారు.