నీలం దారం కట్టిన ఇల్లు

“లైన్‌మన్ సారు పోయినాడు పాపా. నిన్న సాయంత్రం టీ తాగి పంచలో కుర్చీకి ఆనుకున్నాడంట, అంతే. వీధిలో మగ్గాలన్నీ నిలిపేసినాం. నువ్వు వస్తావని అందరికీ చెప్పినా.”

నగరి మరమగ్గాల వీధి నుంచి, నేను మగ్గాల అక్క అని పిలిచే ఆమె చేసిన ఫోన్ అది. నేను హాస్టల్ మెస్‌లో ప్లేటు పట్టుకుని వరుసలో ఉన్నాను. ప్లేటు పెట్టేసి బయటికి వచ్చాను. ఏర్పేడు నుంచి రేణిగుంట, పుత్తూరు మీదుగా నగరి చేరేదాకా బస్సు కిటికీలోంచి కరెంటు స్తంభాలే చూస్తూ కూర్చున్నాను. ఆయన పరిచయం కాకముందు అవి నాకు కనిపించేవే కావు.

పోయిన వేసవిలో మా ఎలక్ట్రికల్ విద్యార్థులందరికీ ఇంటర్న్‌షిప్ వచ్చింది. నా స్నేహితులకు పెద్ద పెద్ద సోలార్ ప్లాంట్లు దొరికాయి. తలమీద హెల్మెట్లు పెట్టుకుని ఫొటోలు పంపేవాళ్ళు. నన్ను నగరిలో ఒక కరెంటు ఆఫీసుకు పంపారు. అక్కడి ఏఈ గారు నా కాగితాలు చూసి, “మరమగ్గాల వీధిలో లో వోల్టేజి ఉంది. కారణం కనుక్కుని రిపోర్టు రాయమ్మా,” అని ఒక పాత సైకిలు వైపు చూపించారు. సైకిలు పక్కన ఖాకీ చొక్కాలో ఒక పెద్దాయన. ఇంకో నెలన్నరలో రిటైరయ్యే లైన్‌మన్. నా ముఖం ఎంత చిన్నబోయిందో ఆయనకు కనిపించే ఉంటుంది.

“పెద్ద ప్లాంటు చూడాలని వచ్చినావా పాపా? ఆడ కరెంటు పుడతాది. ఈడ అది ఏం పని చేస్తాదో చూపిస్తా, రా.”

ఆ వీధిలో ఇరవై ఆరు ఇళ్ళు. ప్రతి ఇంట్లో రెండో మూడో మరమగ్గాలు. చివరి ఇల్లు లైన్‌మన్ గారిదే. అక్కడ మగ్గం లేదు. పంచలో ఒక గుండు బల్బు మాత్రం పగలూ వెలుగుతూ ఉండేది. ఈ రోజుల్లో ఎక్కడా కనిపించని పాత రకం బల్బు. ఎందుకని అడిగితే, “కొత్త బల్బులు అబద్ధాలు చెప్తాయి పాపా, కరెంటు తగ్గినా ఒకేలా వెలుగుతాయి. ఇది తగ్గితే తగ్గిందంటాది,” అన్నారు.

మొదటిరోజు మేము వీధిలోకి వెళ్ళగానే ఒక ముసలి నేతగాడు మగ్గం ఆపి గడపలోకి వచ్చాడు.

“ఏమప్పా, మా కరెంటు ఏ వీధికిచ్చేసినావు ఈ పొద్దు?”

“ఇచ్చేసింటే ఆ వీధోళ్ళు నన్ను తిట్టకుండా ఉంటారు గదప్పా. వాళ్ళూ తిడతాండారే.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వారు. కానీ తిరిగి సైకిలు తోసుకుంటూ వస్తుంటే నెమ్మదిగా అన్నారు: “ముప్పై ఏండ్లు ఈ వీధిలోనే ఉండాను. నేను ఏదో చేస్తేనే వాళ్ళ మోటార్లు కాలిపోతాండాయని అనుకుంటారు. ఒక్క దినం, ఒక్కటంటే ఒక్క దినం, ఈ వీధి నుంచి నాకు ఫోన్ రాకుండా పొద్దు గూకితే చాలు. సంతోషంగా రిటైరైపోతా.”

ఆ మాట విన్నాక నా రిపోర్టు నాకోసం మాత్రమే అనిపించలేదు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర టాంగ్ టెస్టర్ వాడటం ఆయనే నేర్పారు. తీగను తెంచే పని లేకుండా, దవడలా దాన్ని పట్టుకుని ఎంత కరెంటు పోతోందో చెప్పే మీటరు అది. నా చేతులకు రబ్బరు గ్లవ్స్ తొడిగి, నా భుజం వెనకే నిలబడేవారు. ఎరుపు, పసుపు, నీలం అని మూడు ఫేజులు. గంటకోసారి మూడింటి అంకెలూ నోటుపుస్తకంలో రాయాలి.

రెండోరోజు పదకొండింటికి ఎరుపులో నూట యాభై ఆంపియర్లు, పసుపులో అరవై, నీలంలో డెబ్బై అయిదు ఉన్నాయి. పన్నెండింటికి పసుపులో నూట యాభై, ఎరుపులో అరవై. నేనే తీగలు తారుమారుగా పట్టుకున్నాననుకున్నాను. పుస్తకం అందంగా ఉండాలన్న పిచ్చి నాకు. ఎవరికీ చెప్పకుండా అంకెల్ని మార్చి, నూట యాభైని మళ్ళీ ఎరుపు కిందే రాశాను.

సాయంత్రం ఆయన పుస్తకం అడిగారు. వేలు ఆ వరుస దగ్గర ఆగింది. తన అరచేయి తెరిచి చూపించారు. అందులో బాల్‌పెన్నుతో మూడు అంకెలు. నా వెనక నిలబడి మీటరు చూసి ఆయనా రాసుకున్నారన్నమాట.

“ఈ అంకె యాడ చూసినావు?”

తీగలు తారుమారయ్యాయనుకుని మార్చానన్నాను. ఆయన కోప్పడలేదు. “మీటరు చెప్పింది మీటరు కాలమ్‌లో రాయి పాపా. నీ తెలివి పక్క కాలమ్‌లో రాసుకో. రెండూ కలిపినావంటే నాకు ఏదీ పనికిరాదు.”

ఆ రాత్రే నోటుపుస్తకంలో ప్రతి పేజీకీ కుడివైపు ఒక గీత గీశాను. పైన “నా తెలివి” అని రాశాను. ఇప్పుడు నేను ఏం రాసినా, ఇది రాస్తున్నప్పుడు కూడా, పేజీకి ఆ గీత ఉంటుంది. చూసింది ఎడమవైపు, అనుకున్నది కుడివైపు. రాయడం అంటే ఇష్టం అక్కడే మొదలైంది.

మర్నాడు పదకొండున్నరకు ఆయన నన్ను మగ్గాల అక్క ఇంట్లోకి తీసుకెళ్ళి ఓ మూల నిలబెట్టారు. “గమ్మున చూస్తా ఉండు,” అన్నారంతే. రెండు మగ్గాల రొదలో అక్క అటూ ఇటూ పరుగెత్తే నాడెల వైపే చూస్తోంది. ఉన్నట్టుండి మోటారు గొంతు మారింది, బరువు మోస్తున్నవాళ్ళలా మూలిగింది. అక్క తల తిప్పనైనా తిప్పకుండా, ఈగను తోలినట్టు చేయి చాచి గోడమీద స్విచ్ తిప్పింది. ఏ ఫేజు నుంచి కరెంటు తీసుకోవాలో ఎంచుకునే స్విచ్ అది. మోటారు మళ్ళీ హుషారుగా తిరిగింది.

నేను బయటికి పరుగెత్తి పక్కిల్లు చూశాను. అక్కడా తిప్పారు. ఆ పక్కా, ఆ పక్కా. వీధి మొత్తం ఎరుపు వదిలి పసుపులోకి వచ్చేసింది. అంటే నా అంకెలు తప్పు కాదు. ఎక్కడ బాగుంటే అక్కడికి అందరూ ఒకేసారి పోతున్నారు, పోయి దాన్నే కుంగదీస్తున్నారు.

“ఎందుకు తిప్పావక్కా?” అన్నాను వెనక్కి వచ్చి.

“పక్కింటోళ్ళు తిప్పక ముందే తిప్పాల గదా పాపా. లేకుంటే మనకేం మిగులుతాది?”

లైన్‌మన్ గారు నా వైపు చూశారు. “ఇది నేను ఎన్నో తూర్లు చెప్పినా. నేను చెప్తే తప్పించుకోడానికి అంటారు. నీ పుస్తకం చెప్తే వింటారేమో.”

రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగి మగ్గాలు లెక్కపెట్టాను. బరువు సమానంగా వచ్చేలా ఇళ్ళను మూడు గుంపులు చేసి, గుంపుకో ఫేజు రాశాను. ఒక సాయంత్రం అక్క అరుగుమీద నిలబడి, గంటగంటకూ ఏ రంగు ఎంత మోసిందో చదివి వినిపించాను.  ముసలి నేతగాడు ముందుకొచ్చాడు.

“మా ఇంటికి నీలం ఇస్తాండారు. నీలంలో తగ్గితే ఎవరికి చెప్పుకోవాల?”

“నాదీ నీలమే అప్పా,” అన్నారు లైన్‌మన్ గారు. “వీధి చివర ఇల్లు నాది. తగ్గితే ముందు నా ఇంట్లోనే తగ్గుతాది. నా పంచలోకొచ్చి బల్బు చూసి తిట్టు.”

ఏఈ గారికి చెబితే సంతోషించి, స్విచ్‌లు ఎవరూ తిప్పకుండా చిన్న తాళాలు వేయిద్దామన్నారు. లైన్‌మన్ గారు తల అడ్డంగా ఊపారు. “తాళమేస్తే పగలగొడతారు సార్. దారం కట్టిద్దాం. తెగిన దారాన్ని ముడేసే చేతులు గదా. ఉన్నదాన్ని తెంచడానికి ఆ చేతులు రావు.”

మగ్గాల అక్క మూడు దారపు కండెలు తెచ్చింది, ఎరుపు, పసుపు, నీలం. ఎవరి ఇంటి రంగు దారం వాళ్ళే తమ స్విచ్‌కు కట్టుకున్నారు. లైన్‌మన్ గారూ తన పంచలోని స్విచ్‌కు నీలం కట్టుకున్నారు. నేను కడితే వదులైంది. అక్క నవ్వి, విప్పి, కంటికి కనపడని ముడి ఒకటి వేసి చూపించింది.

మర్నాడు పదకొండు కాకముందే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మోటార్లు ఒకసారి మూలిగాయి. ఎవరి చేతులైనా స్విచ్ దాకా వెళ్ళాయేమో తెలియదు, వెళ్ళినా దారం దగ్గరే ఆగి ఉంటాయి. మూలుగు తగ్గింది. టాంగ్ టెస్టర్ పట్టుకున్నాను. తొంభై నాలుగు. తొంభై ఏడు. తొంభై మూడు. నమ్మకం చాలక మళ్ళీ పట్టుకున్నాను. అవే. లైన్‌మన్ గారు అరచేతిలో రాసుకుని, ఆ చేతిని మూసి, ఏదో దాచుకున్నట్టు జేబులో పెట్టుకున్నారు.

పన్నెండైంది, రెండైంది, నాలుగైంది. ఆయన ఫోన్‌ను చొక్కా జేబులోంచి తీయడం, చూడడం, పెట్టడం. చివరికి ఉండబట్టలేక అన్నారు: “పాపా, నా ఫోనుకు ఒకసారి కొట్టు.”

కొట్టాను. గట్టిగా మోగింది.

“బాగానే ఉండాదే,” అన్నారు. అంత పెద్దమనిషి చిన్నపిల్లాడిలా నవ్వడం అప్పుడే చూశాను.

పొద్దుగూకే వేళ ముసలి నేతగాడు ఆయన పంచలోకి వచ్చి, బల్బు కింద నిలబడి, పైకి చాలాసేపు చూశాడు. “ఏమప్పా,” అన్నాడు, “ఇంత కరెంటు యాడనుంచి తెచ్చినావు?”

“మీ ఇండ్లలోనే ఉండింది. నేనేం తేలేదు.”

కాలేజీలో నా రిపోర్టుకు మొదటి బహుమతి వచ్చింది. స్విచ్‌లకు దారం కట్టిన ఫొటో చూసి ఒక ప్రొఫెసరు గారు లేచి నిలబడి మరీ ప్రశ్నలడిగారు. బయటికి రాగానే లైన్‌మన్ గారికే ముందు ఫోన్ చేశాను. అప్పటికి ఆయన రిటైరై కొన్నాళ్ళైంది. ఆయన అడిగింది ఒక్కటే. “నువ్వు అంకెలు మార్చిన పేజీ కూడా చూపించినావా?”

చూపించానన్నాను. “అయితే నువ్వు ఇంజనీరువే,” అన్నారు. మాట్లాడటం అదే చివరిసారి.

నేను నగరి చేరిన రోజే ఆయన్ని తీసుకెళ్ళారు, వీధిలో ఒక్క చప్పుడు లేదు. ఆ వీధిని అంత నిశ్శబ్దంగా నేనెప్పుడూ వినలేదు. సాయంత్రం ముసలి నేతగాడు పంచ ముందుకొచ్చి, చేతులు కట్టుకుని, ఆయన ఇంటామెతో అన్నాడు.

“రేపటిదాకా నిలిపేస్తాం తల్లీ.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. “వద్దు. మగ్గాలు నిలిచిపోతే ఆయన ఏ పొద్దైనా ఇంట్లో కూర్చున్నాడా? నడపండి.”

మాట ఇల్లిల్లూ దాటి వీధి మొదటిదాకా పాకింది. మగ్గాలన్నీ ఇంచుమించు ఒకేసారి అందుకున్నాయి. మోటార్లు మొదలయ్యేటప్పుడే కరెంటును ఎక్కువ లాగుతాయి, దానికి అంతకంటే పెద్ద పరీక్ష లేదు. ఎవరూ చెప్పకుండానే పంచలో ఉన్నవాళ్ళమంతా తలలు పైకెత్తాం. గుండు బల్బు వెలుగు తగ్గలేదు.

మగ్గాల అక్క మాత్రం బల్బు వైపు చూడలేదు. పంచ గోడమీది స్విచ్‌కు ఆయన కట్టుకున్న నీలం దారం ఎండకు వెలిసి, ఒకచోట పీచుగా తేలింది. అక్క కొంగు ముడిలోంచి నీలం పోగు ఒకటి తీసింది. కళ్ళు తుడుచుకుంటూనే, చేతుల వైపు చూడకుండానే, దాన్ని పాత దారానికి కలిపి ముడి వేసింది.